రెండో అంతస్తు కవిగారు

మా వీధిలో మీటరాయన అంటే తెలియనివాళ్ళు లేరు. కరెంటు ఆఫీసు తరఫున ఇంటింటికీ తిరిగి మీటర్లు చూసి రిటైరైన మనిషి. గీసుకుంటే దురద పుడుతోందని గడ్డం వదిలేసి, పొద్దస్తమానం రెండో అంతస్తు బాల్కనీలో కూర్చునేవాడు.

ఈలోగా వీధికి కళాపోషణ పట్టుకుంది. గోడలనిండా బొమ్మలు వెలిశాయి. చెప్పుల కొట్టు కాఫీ క్లబ్బయింది. గొడుగు పట్టుకున్న గైడు వెనక జనం గుంపులుగా నడవసాగారు. ప్రతి గుంపూ ఆ బాల్కనీ కింద ఆగి, తలెత్తి చూసి, నిట్టూర్చి, ఫొటో తీసుకుని కదిలేది.

"మీ మామయ్యని చూసి నిట్టూర్చడానికేముందే?" అని ఆయన భార్య కోడల్ని అడిగింది.

"టూరుకెళ్తే తెలిసిపోతుంది కదా అత్తయ్యా," అంటూ కోడలు ఫోన్లో వెతికింది. ఎర్రగొడుగు వాళ్ళదొకటి, నీలిగొడుగు వాళ్ళదొకటి ఉన్నాయి. ఎర్రగొడుగు కుర్రాడి గొంతు పెద్దది, తన చెవికి అదే సుఖమని అత్తగారు దాన్నే ఎంచుకుంది.

సొంత వీధిలో టోపీ పెట్టుకుని, అన్నీ కొత్తగా చూస్తున్నట్టు నడిచింది. అంతవరకూ అరిచిన కుర్రాడు బాల్కనీ కిందకి రాగానే గొంతు తగ్గించాడు. అయినా ఆవిడకి ఒక్క ముక్క పొల్లుపోలేదు.

"ఆయన పెద్ద కవి. ఒక నాట్యకత్తె వదిలేసి వెళ్ళినప్పట్నుంచీ నోరు విప్పలేదు. ఆవిడ కోసమే అలా ఎదురుచూస్తున్నారు."

ఇంటికి రాగానే నిలదీసింది. "ఎవర్తండీ ఆ నాట్యకత్తె?"

"ఏ నాట్యకత్తే?"

"మీటర్లు చూడ్డానికెళ్ళి ఇంకేమేం చూశారో!"

మర్నాడు నీలిగొడుగు వెంట వెళ్ళింది. అక్కడ ఆయన శిల్పి. చెక్కినవన్నీ తనే పగలగొట్టుకున్నాడట. "అయినా విసుక్కోకుండా కనిపెట్టుకుని ఉన్న ఆ ఇల్లాలు దేవత," అంది గైడమ్మాయి. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ మాట ఎవరూ అనలేదు. అనాల్సినాయన అసలే అనలేదు. ఆవిడకి కళ్ళు చెమర్చాయి.

"ఏవండీ, ఇకమీదట నీలిగొడుగొస్తేనే బయటికి రండి. ఎర్రగొడుగు కనిపిస్తే లోపలికొచ్చెయ్యండి," అని తేల్చి చెప్పింది.

"కవైతే బాగుండేదేమోనే," అని ఆయన గొణిగాడు.

"శిల్పే!"

ఖాళీ బాల్కనీ చూపించలేక తంటాలుపడిన ఎర్రగొడుగు కుర్రాడు, చివరికి ఎదురింటి పళ్ళ డాక్టరుని కవిని చేశాడు. నీలిగొడుగు వచ్చే వేళకి మాత్రం ఆవిడ ఇస్త్రీ బట్టలు కట్టుకుని, భర్త భుజం మీద చెయ్యేసి, ఎంతో ఓర్చుకున్నదానిలా దూరంగా చూస్తూ నిలబడుతుంది. కాసేపటికి ఆయన కాలు తిమ్మిరెక్కుతుంది.

"కదలకండి," అంటుంది ఆవిడ, పెదవి కదపకుండా.