ఎర్ర అట్ట

అక్క నోట్లో నాలుక లేని మనిషని ఆసుపత్రి లాండ్రీలో అందరికీ తెలుసు. ఆమె వంతు మాటలు కూడా పక్కనే పనిచేసే చెల్లెలే మాట్లాడేసేది. "మా అక్కకి టీ వద్దు." "మా అక్కకి తలనొప్పి." ఇలా ఇరవై రెండేళ్లు! అయినా ఆవిరిలో, ఉతికే మిషన్ల డ్రమ్ముల హోరులో దుప్పట్లు మడతపెట్టే చోట మాటలతో పనేముంది? చేత్తో సైగ చేస్తే సరిపోయేది.

అలాంటి అక్క, గ్రంథాలయం మేడమీద ప్రతి మంగళవారం జరిగే ఉపన్యాసాల క్లబ్బులో చేరిందని తెలిసి చెల్లెలు పడీపడీ నవ్వింది.

"నువ్వా అక్కా? ఏం మాట్లాడావేంటి?"

"బట్టలు ఉతుకుతానని చెప్పి కూర్చున్నాను. చప్పట్లు కొట్టారే."

"దానికా?"

"నేను ఆగేదాకా ఎవరూ మధ్యలో రాలేదే."

ఆ మాట అంటుంటే అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. చెల్లెలు చూసింది కూడా. చూసి, బస్సు ఎందుకు రాలేదో అన్న కబుర్లలో పడిపోయింది.

క్లబ్బులో కొత్తవాళ్లకి ముందు గడియారం పని అప్పజెబుతారు. ఐదో నిమిషానికి ఆకుపచ్చ అట్ట, ఆరుకి పసుపు, ఏడుకి ఎరుపు ఎత్తాలి. ఎర్ర అట్ట లేచిందంటే ఎంతటి లాయరైనా మాట ముగించాల్సిందే. అక్క ఆరు నెలలు ఆ పని చేసింది. మధ్యమధ్య నాలుగుసార్లు తానూ మాట్లాడింది. అట్టలూ స్టాప్‌వాచీ ఆమె చేతిసంచిలోనే ఉండేవి.

ఇంతలో లాండ్రీలో మూడో నంబరు మిషను ఒక పాత పనివాడి రెండు వేళ్లు నలిపేసింది. అజాగ్రత్త అన్నారు. వచ్చే సోమవారం నుంచి ఆ మిషను చెల్లెలికి వేశారు. తోటివాళ్ల ముందు గలగలలాడే చెల్లెలు లాండ్రీ పెద్దసారు ముందు మాత్రం నోరు విప్పలేదు. భయంతో రెండు రోజులు అన్నం సహించలేదు.

శుక్రవారం మధ్యాహ్నం భోజనాల హాల్లో పెద్దసారు అందరినీ కూర్చోబెట్టి జాగ్రత్త గురించి చెప్పడం మొదలుపెట్టాడు. చెబుతూనే ఉన్నాడు. అక్క చెయ్యి అలవాటుకొద్దీ సంచిలోకి వెళ్లింది. ఏడో నిమిషం. ఎర్ర అట్ట లేచింది!

పెద్దసారు మాట ఆపి అట్ట వైపు చూశాడు.

"ఏంటమ్మా అది?"

"మీ టైం అయిపోయిందండీ."

చెల్లెలు ఇద్దరి ఉద్యోగాలూ గోవిందా అనుకుని గబుక్కున లేచింది. "సార్, మా అక్కకి ఒంట్లో..."

అక్క ఆమె భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది. తాను మాత్రం కూర్చోలేదు.

"మూడో నంబరు మిషను తలుపు తాళం అబద్ధం చెబుతోందండీ. మిగతావి డ్రమ్ము ఆగాకే టక్ మంటాయి. ఇది తిరుగుతుండగానే టక్ మని తలుపు వదిలేస్తుంది. నేను మూడుసార్లు టైం చూశాను. పదకొండు సెకన్లు ముందు. ఆయనది అజాగ్రత్త కాదండీ. సోమవారం అక్కడ మా చెల్లెలు చెయ్యి పెట్టాలి. పెట్టేది ఎవరి చెయ్యయినా ఇదే చెబుతాను. మీరొచ్చి ఒక్కసారి వినండి."

ఔరా! గొంతు వణకలేదు, పెరగలేదు. ఇరవై రెండేళ్లుగా తన పక్కన దుప్పటి రెండో కొస పట్టుకున్న మనిషేనా ఈమె? అనుకుంది చెల్లెలు.

పెద్దసారు ఏమనుకున్నాడో, లేచి వచ్చాడు. వెనకాల అందరూ వచ్చారు. మూడో నంబరు తిప్పారు. టక్ మంది. అక్క స్టాప్‌వాచీ నొక్కింది. "ఒకటి" అన్నారెవరో. "రెండు" అని నలుగురు అందుకున్నారు. నలభై మంది గొంతు కలిపి "పదకొండు" అనేసరికి డ్రమ్ము ఆగింది.

పెద్దసారు తన చేత్తోనే మిషను కరెంటు తీసేశాడు. "ఆయనకి నేనే క్షమాపణ చెప్పుకోవాలి. బాగయ్యేదాకా దీన్నెవరూ ముట్టొద్దు," అన్నాడు. అక్క ఎర్ర అట్టకు దారం కట్టి మిషను తలుపుకి తగిలించింది. వెళ్లేముందు ఒక్కొక్కరే వచ్చి, తమ మిషన్ల సంగతీ చూడమని ఆమెనే అడిగారు.

ఇంటిదారిలో చెల్లెలు ఆపకుండా మాట్లాడింది. తాను ఎంత భయపడిందీ, ఎవరి ముఖం ఎలా మారిందీ. అక్క ఏదో అనబోయి ఎప్పట్లాగే ఆగిపోయింది.

ఈసారి చెల్లెలు అది చూసి వదిలెయ్యలేదు. పది వేళ్లూ ఉన్న తన చేతులతో అక్క చెయ్యి పట్టుకుని దారిలోనే నిలబడిపోయింది.

"నువ్వు చెప్పక్కా. నేను మధ్యలో రాను."