పోలారావు మానేసిన అన్నం

పోలారావుది వజ్రపుకొత్తూరు తీరంలో ఓ చిన్న ఊరు. ముప్పై ఏళ్లుగా వేటే బతుకు. యాభై రెండో ఏట, ఎండాకాలం మొదట్లో మనిషి చిక్కిపోయాడు. రాత్రుళ్లు నాలుగైదుసార్లు లేవడం, ఎన్ని నీళ్లు తాగినా దాహం తీరకపోవడం. ఇంట్లో ఎవరూ పైకి అనలేదు గానీ అందరి మనసులోనూ ఒకటే మాట, కిడ్నీ. కిడ్నీ జబ్బులకి పేరుపడ్డ ఆ ఉద్దానంలో ఒంట్లో ఏ నలత చేసినా ముందు ఆ భయమే. అతని అన్న రెండేళ్లు డయాలసిస్ మీద ఉండి చనిపోయాడు.

అందుకే రక్తపరీక్ష అంటే రెండు నెలలు మొరాయించాడు. చివరికి భార్య రాజులమ్మ ఆటో పిలిపించి తనే ముందు ఎక్కి కూర్చుంది.

"నువ్వు రాకపోతే నానొక్కదాన్నే ఎల్లి డాక్టరుకి సెప్తాను మావా."

పలాసలో డాక్టరు రిపోర్టు చూసి, "కిడ్నీలు బాగానే ఉన్నాయి. షుగరు మాత్రం పరగడుపునే మూడొందల పది," అన్నాడు.

"షుగరేనా బాబూ!" అని పోలారావు నవ్వేశాడు. ఆ ఆనందంలో డాక్టరు తిండి గురించి చెప్పిందేదీ చెవికెక్కలేదు.

మాత్రలు వేసుకున్నాడు. మిగతాదంతా మామూలే. పొద్దున్నే బన్ను, పంచదార టీ. తర్వాత మూడు పూటలా పళ్లెం నిండా పాలిష్ బియ్యం అన్నం. పట్టిన మంచి చేపలు అమ్మకానికి పోతే పళ్లేనికి ఒకటో రెండో ముక్కలు మిగిలేవి. మూడు నెలల తర్వాత చూస్తే షుగరు పెద్దగా తగ్గలేదు.

"ఇలాగే ఉంటే బాగున్న కిడ్నీలు కూడా పాడవుతాయి," అన్నాడు డాక్టరు.

ఈసారి చెవికెక్కింది. ఆ రోజు నుంచి పోలారావు అన్నం ముట్టలేదు. రాజులమ్మ బతిమాలినా మజ్జిగ, చేప ముక్కలతో సరిపెట్టాడు. నాలుగో రోజు తెల్లవారుజామున మాత్ర వేసుకుని, చక్కెర లేని టీ తాగి, బావమరిది అప్పన్నతో వేటకెళ్లాడు.

వల లాగుతుండగా చేతులు వణికాయి. చల్లగాలిలోనే చొక్కా తడిసేలా చెమట పట్టింది. తాడు వదిలేసి పడవలో కూలబడి, "ఒడ్డు ఎటేపురా?" అన్నాడు. ఒడ్డు ఎదురుగానే ఉంది.

"బావా, పొద్దుటే తాగేసినావేటి?" అంటూ అప్పన్న దగ్గరికొచ్చాడు. వాసన లేదు. షుగరున్న తన తల్లికి ఒకసారి ఇలాగే అవడం గుర్తొచ్చింది. సంచిలోని కూల్‌డ్రింకు తీసి కొంచెం కొంచెంగా తాగించాడు. పావుగంటకి పోలారావు తేరుకున్నాడు. అప్పన్న వలకి నీటిమీద తేలే గుర్తు బుడగ కట్టి వదిలేసి, పడవ తిప్పేశాడు.

సంగతి తెలిసి సాయంత్రం ఊరి నర్సు జగదాంబ ఇంటికొచ్చింది.

"మాత్రేసుకుని తిండి మానేత్తావేటి మావయ్యా? పడవలోంచి పడిపోతే?"

"అన్నమే కదమ్మా విషం."

"విషమని ఎవులన్నారు? తవుడంతా తీసేసిన బియ్యం తొందరగా అరిగిపోయి షుగరైపోతాది. అది కుప్ప పోసుకుంటే ఏ మాత్ర ఆపుతాది? గిన్నెడు సాలు. మిగతా పళ్లెంలో ఆకుకూర, పప్పు, సేప ఎయ్యి. బన్ను, పంచదార మానెయ్యి."

"చోడంబలి తాగొచ్చా?" అని రాజులమ్మ రాగిజావ సంగతి అడిగింది.

"తాగొచ్చు గానీ చెంబుడు తాగితే అదీ పెంచుతాది. రొట్టె మేలు, అదీ ఒకటే."

జరిగింది విని డాక్టరు మాత్ర మార్చాడు. పోలారావు ఇప్పుడు చోడిరొట్టె తినకుండా పడవెక్కడు, మళ్లీ అలా అయితే నోట్లో వేసుకోడానికి బెల్లం ముక్క లేకుండా అసలు ఎక్కడు. కొలత పెట్టుకున్న గిన్నెడన్నం మొదటి నెల కడుపుకి ఆనలేదు, ఊరికే కోపం వచ్చేది. నిమ్మాడలో ఓ పెళ్లిలో పులిహోర మారు వడ్డించుకుని తిని, రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. అయినా ఆరు నెలలకి పరగడుపు షుగరు నూట ముప్పైకి దిగింది.

ఆ రోజే జగదాంబ మాట మీద రాజులమ్మా వేలు గుచ్చించుకుంది. తన షుగరు కూడా హద్దు మీదే ఉందట. మర్నాడు మంచి కానాగంత చేపల్లో నాలుగు అమ్మకానికి పంపకుండా ఇంట్లో ఉంచేసింది. ఆకుకూరతో కలిపి వండి, ఇద్దరికీ సమానంగా వడ్డించింది.