ఒక్క లోటా నీళ్లు

శెనక్కాయ చేలు ఏటేటా ఎండిపోతున్న రోజులవి. నర్సుగా చేరిన కొత్తలో ఒక మధ్యాహ్నం పావగడలో నాగలమడిక బస్సెక్కాను. పక్క సీటులో ఒకామె ఒళ్లో చంటిబిడ్డ, మొహం మీద కొంగు కప్పి ఉంది. అలవాటుగా బిడ్డ పాదం తాకి చూశాను. చల్లగా, బిగుసుకుపోయి ఉంది.

"ఎవరికీ చెప్పొద్దక్కా, కండక్టరు దింపేస్తాడు," అందామె మెల్లగా.

కాసేపటికి తనే చెప్పింది. "భేదులైతే ఆస్పత్రిలో పొడి ప్యాకెట్టు ఇచ్చినారు. ఇంట్లో ఒక్క లోటా నీళ్లే ఉండె. పొడంతా దాంట్లోనే కలిపి తాపినా. ఫిట్స్ వచ్చినాయి. మళ్లీ ఎత్తుకొచ్చేసరికి పోయినాడు. పొడి ఇచ్చినప్పుడు అర్థమైందా అని నర్సమ్మ అడిగింటే అయిందనే అన్నా."

అది లీటరు నీళ్లలో కలపాల్సిన ఓఆర్‌ఎస్ పొడి, ఉప్పూ చక్కెరా కలిసింది; లోటాలో పట్టేది గ్లాసెడు నీళ్లే. అంత ఉప్పును పసివాడి ఒళ్లు తట్టుకోలేదు. ఆ సంగతి నేనామెకు చెప్పలేదు.

ఊరు రాగానే బిడ్డను భుజాన వేసుకుని, నిద్రపుచ్చుతున్నట్టు వీపు తడుతూ దిగిపోయింది.

ఇప్పుడు పిల్లల వార్డుకు వచ్చే కొత్త నర్సులకు నేనే పని నేర్పుతాను. తల్లులను అర్థమైందా అని అడగనివ్వను. ముందు ఇంట్లో నీళ్లెన్ని ఉన్నాయో అడగమంటాను.