సర్రీ హిల్స్‌లో మ్యాచింగ్ సెంటర్

ప్రేమిల ఫిజీ తెలుగామె. ఎనభై ఏడులో అక్కడ గొడవలయ్యాక సిడ్నీ వచ్చి, సర్రీ హిల్స్‌లో జిల్బర్‌మన్‌ల బట్టల కొట్టులో పనికి కుదిరింది. యజమానురాలు ఎస్తేర్ యూదు స్త్రీ, డెబ్బై దాటింది. పోలండ్‌లో అత్తవారి నేతమిల్లు యుద్ధంలో పోయాక, నలభై తొమ్మిదిలో భర్తతో ఓడ దిగి, తానులు భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగి అమ్మింది. ఆ తర్వాత పెట్టిందే ఈ కొట్టు. అరవై రంగుల్లో పాప్లిన్ దొరికేది అక్కడే.

తొంభై తొమ్మిది కల్లా చుట్టుపక్కల కుట్టుపని దుకాణాలన్నీ మూతపడ్డాయి. డిసెంబరుకి మనమూ మూసేద్దామన్నాడు కొడుకు రూబెన్. ఎస్తేర్ సరేనంది కానీ, ఆ రోజంతా తానులు సర్దుతూనే ఉండిపోయింది. ప్రేమిలకు మనసు చివుక్కుమంది.

ఒక శుక్రవారం సుగుణ అనే గుంటూరు అమ్మాయి వచ్చింది. వైటూకే ఉద్యోగానికి వచ్చిన భర్త వెంట ఈ దేశం వచ్చింది. పురుడయ్యాక పాత జాకెట్లు పట్టడం లేదు. చిలకపచ్చ చీర తీసి, ఇంగ్లీషులో తడబడుతూ, నడుమ తెలుగు మాటలు దొర్లిస్తూ మ్యాచింగ్ అడిగింది.

"ఏం రంగు గావాల తల్లీ?" అంది ప్రేమిల.

సుగుణ తెల్లబోయింది. "ఆంటీ, మీరు తెలుగువాళ్లా?"

ఇద్దరూ చీర చేత పట్టుకుని అరలు వెతుకుతుంటే, ఎస్తేర్ ఒక్కసారి చూసి సరైన తాను లాగింది. ఆ మర్నాడే సుగుణ మరో ఆరుగురిని వెంటబెట్టుకొచ్చింది. శనివారం యూదులకు విశ్రాంతి దినం, కొట్టుకు తాళం. సోమవారం ఆ సంగతి ఫోనులో విన్న ప్రేమిల, ఆదివారం తెరుద్దామంది. యాభై ఏళ్లుగా ఆదివారాలు పొద్దెక్కేదాకా పడుకునే ఎస్తేర్, "ఎన్నింటికి రమ్మంటావు?" అనడిగింది.

ఆరు నెలల్లో ఎస్తేర్‌కు ఫాల్, లంగా గుడ్డ, లైనింగ్ అన్న మాటలన్నీ వచ్చేశాయి. డిసెంబరులో ఓ ఆదివారం కొట్టు మూసే కాగితాలు పట్టుకొచ్చిన రూబెన్‌కు చీరలతో వచ్చిన జనంలో బల్ల దాకా దారే దొరకలేదు. ఎస్తేర్ అతని చేతికి కత్తెర ఇచ్చింది. సాయంత్రం దాకా గుడ్డ కోసి, కాగితాలు సంచిలోంచి తీయకుండానే ఇంటికెళ్లాడు.

మూడేళ్లకు ఎస్తేర్ ప్రేమిలను వాటాదారుగా చేర్చుకుంది. బోర్డు మీద ఇద్దరి పేర్లూ రాయించింది. అయితే ప్రేమిల పేరుకు వేసిన నీలం తన పేరు కన్నా ఒక పిసరు లేతగా ఉందని, పెయింటరు చేత మళ్లీ వేయించింది.