మూడు రోజుల మౌనం

మా చిన్నప్పుడు... తిరుత్తణిలో కొండమీది స్వామి పండగ ఆడికృత్తికకు మొక్కుకున్నవాళ్లు కొందరు మూతికి గుడ్డ కట్టుకుని, ఒక్క మాటా మాట్లాడకుండా కొండెక్కేవాళ్లు. ఆరో క్లాసులో నేనూ ఆ మొక్కే పట్టాను. దేవుడి కోసం మాత్రం కాదు.

అప్పుడప్పుడు దగ్గితే నా గొంతులోంచి నూక గింజంత తెల్లటిది ఊడిపడేది. నలిపితే ఒకటే కంపు... ఒకరోజు బడిలో నా పక్కన కూర్చునే వల్లి చెవిలో ఏదో చెప్పబోయాను. ముక్కు మూసుకుని, "పండ్లు తోముకోవా నువ్వు?" అంది.

రోజూ రెండుసార్లు తోముకునేదాన్ని. లోపల ఏదో కుళ్లిపోతోంది, ఇక బతకనేమో అనుకున్నాను. ఆ సంగతి ఎవరితో చెప్పాలన్నా నోరు తెరవాలి కదా...

ఇంటికొచ్చి తువ్వాలు మూతికి కట్టుకుని, పండగ దాకా మాట్లాడనన్నట్టు అవ్వకు కొండ వైపు చెయ్యి చూపించాను. మా నాయనను కన్న తల్లి ఆమె. "నా బంగారే, ఇంత చిన్న వయసులో ఎంత బక్తి" అని మురిసిపోయి వీధంతా చెప్పి వచ్చింది.

మూడో రోజు పెరట్లో చీపురు పుల్లతో గొంతు పొడుచుకుంటూ ఆమెకే దొరికిపోయాను. పుల్ల కొసన రక్తం...

"ఇదేం మొక్కు మే? పుల్లతో పొడిస్తే పుండు పడదా? యాడ నొప్పి? తెరువు నోరు."

"వద్దవ్వా... కంపు."

మూడు రోజులకు అదే నా మొదటి మాట.

గడ్డం పట్టుకుని నా మొహాన్ని ఎండకు తిప్పింది. తన మొహం పక్కకు తిప్పుకోలేదు... ఇంకా దగ్గరికి వచ్చి చూసింది.

"ఓస్, ఇదా. మీ నాయనకీ వస్తా ఉండె. వాడేమన్నా సచ్చినాడా? అంగట్లో కూసోని అరస్తానే ఉండాడు గదా."

గోరువెచ్చని ఉప్పునీళ్లు ఇచ్చింది. అన్నం తిన్న ప్రతిసారీ పదిసార్లు పుక్కిలించమంది. ఒక్కసారీ తప్పకుండా చేశాను. ఆ తెల్లటివి మెల్లగా తగ్గాయి.

"మొక్కు తప్పిందే అవ్వా, ఇప్పుడెట్లా?" అని భయపడ్డాను.

"నేను తీరుస్తాలే."

తీర్చింది కూడా. నిద్రలో తప్ప నోరు మూయని మా అవ్వ, పండగ నాడు మూతికి తువ్వాలు కట్టుకుని, నా చెయ్యి పట్టుకుని మెట్లన్నీ ఎక్కింది. నా కంపు సంగతి ఎవరికీ చెప్పలేదు... వీధిలోనూ, ఇంట్లోనూ.

వాటిని టాన్సిల్ రాళ్లంటారని పెళ్లయ్యాక తెలిసింది. ఇప్పుడు డాక్టరు మాస్కు కట్టుకుని, టార్చి వేసి, రెండు నిమిషాల్లో చూసి పంపిస్తారు. మంచిదే... కానీ అంత దగ్గరగా వచ్చి నా మొహం చూసినవాళ్లు మళ్లీ లేరు.

మీకు అట్లాంటివాళ్లు ఎవరుండేవాళ్లు? చెప్పండి...