ఒక చెట్టు ఉరుకు, ఒక చెట్టు నడక

చిట్యాల రోడ్డు మీద హోటలు నడిపినన్నాళ్లూ పెద్దులు గల్లా ముందు కూర్చునే ఉన్నాడు. పొట్ట పెరిగింది. మొలతాడు ఒంట్లోకి దిగబడింది. 1959లో బస్సులు అక్కడ ఆగడం మానేసి హోటలు మూతపడ్డాక, మళ్లీ గొర్లు కాస్తానన్నాడు. ఎండలు ముదరకముందే, తమ్ముడు కాస్తున్న మంద కృష్ణా నది ఒడ్డుకు వలస పోవాలి.

తమ్ముడు గుర్వయ్య నవ్వాడు. "అన్నా, గొర్రె చేన్ల పడితే ఉరికి మర్లెయ్యాలె. నీకు లేసి నిలవడితెనే ఆయాసమొస్తాంది. నిన్నెట్ల తోల్కపోవాలె?"

మర్నాడు తెల్లవారుతుండగా పెద్దులు రోడ్డెక్కాడు. ఒక చింతచెట్టు నుంచి మరో చెట్టు దాకా ఉరికాడు. ఆ తర్వాతి చెట్టు దాకా నడిచాడు. తిరిగొచ్చి ఆకలికి చెంబెడు గొర్రెపాలు తాగాడు. రోజూ ఇంతే. సంక్రాంతి దాటినా మొలతాడు వదులు కాలేదు.

"ఉరికిందంత మల్ల చెంబుల పోసుకొని తాగుతున్నవ్" అంది భార్య సోమమ్మ.

పెద్దులు చెంబు పక్కన పెట్టాడు. అప్పటినుంచి పలుచటి జొన్న అంబలే తాగాడు. ఉరకడం మాత్రం మానలేదు.

మంద కదిలేనాటికి మొలతాడు కింద వేలు దూరేంత సందు వచ్చింది. ఊరు దాటగానే ఒక పొట్టేలు చేనులోకి దూకింది. గుర్వయ్య కదిలేలోపే పెద్దులు ఉరికి దాన్ని మందలోకి మర్లేసి, తాపీగా నడుచుకుంటూ వచ్చాడు.

"పొట్టయితే గట్లనే ఉన్నదే అన్నా!"

"ఉండనీ. అది గూడ నాతోని నడుస్తది."

గుర్వయ్య తన భుజం మీది గొంగడి తీసి అన్న భుజాన వేశాడు.