మామ ఇవ్వని ఒడి

పోయిన వారం మా ఇంట్లో పెద్ద రభస అయింది. నా మునిమనవరాలికి తిరుత్తణిలో గుండు కొట్టించాలి. ముహూర్తం కుదిరింది, రైలు టికెట్లు తీశారు, తీరా చూస్తే పిల్ల మేనమామకి బొంబాయిలో సెలవు దొరకలేదట. మా వైపు ఒక ఆచారం ఉంది. బిడ్డకి పుట్టువెంట్రుకలు తీసినా, మొక్కిన జుట్టు ఇచ్చినా, చెవులు కుట్టినా మేనమామ ఒడిలో కూర్చోబెట్టే చెయ్యాలి. అమ్మ ఒడి పనికిరాదు, నాన్న ఒడి పనికిరాదు. ఇప్పుడా ఒడి కాస్తా బొంబాయిలో ఇరుక్కుపోయింది. "ఎవరి ఒడి అయితే ఏం, ఎవరో ఒకర్ని కూర్చోబెట్టి ఫోటోలో మొహం పడకుండా తీయిద్దాం" అన్నాడు మా మనవడు. అందరూ నవ్వారు. నేను మాత్రం "అరువు ఒడిలో కూర్చోబెట్టేదానికి మొక్కడమెందుకు?" అని గట్టిగా అరిచి, కాఫీ గ్లాసు అక్కడే పెట్టేసి లోపలికొచ్చి పడుకున్నాను. ముసలిదానికి చాదస్తం ముదిరిందని అనుకుని ఉంటారు. నేను గుళ్ళకి పోయే మనిషిని కానని వాళ్ళకి తెలుసు కాబట్టి ఇంకా వింతగా ఉండి ఉంటుంది. ఆ కోపం వాళ్ళ మీద కాదు. అది చాలా పాతది, మా మనవడు పుట్టక ముందుది, వాళ్ళ నాన్న పుట్టక ముందుది.

మా అమ్మకి ఒక్కడే తమ్ముడు. మా ఊరు కడంబత్తూరు స్టేషనుకి ఎడ్లబండి కట్టుకుని పోయేంత దూరంలో ఉండేది, మామ మాత్రం తిరువళ్ళూరులో వీరరాఘవస్వామి గుడి వీధి మలుపులో సోడా కొట్టు పెట్టుకుని ఉండేవాడు. రెండో ప్రపంచయుద్ధం రావడానికి కొన్నేళ్ళ ముందు మాట. మదరాసులో కొంత చదివి, చదువు మధ్యలో ఆపేసి, దాని బదులు దేవుడు లేడనే సంగతి నేర్చుకుని వచ్చాడు. ఆ రోజుల్లో తమిళంలో అలాంటి పత్రికలు వచ్చేవి, మామ కొట్టులో అవి దండెం మీద బట్టల్లా వేలాడేవి. అమావాస్యకి జనం బళ్ళు కట్టుకుని, రైళ్ళెక్కి వచ్చి, కోనేట్లో ఉప్పూ మిరియాలూ బెల్లమూ వేసి రోగాలు కరిగిపోవాలని దండం పెట్టుకుని, తిరిగి వచ్చేటప్పుడు ఎండకి నాలుక పిడచకట్టి మామ కొట్టు ముందు ఆగేవాళ్ళు. మామ గోలీని బొటనవేలితో టుస్సుమని లోపలికి నొక్కి సోడా చేతికిస్తూనే మొదలుపెట్టేవాడు: "ఆ ఉప్పు ఇంట్లో పులుసులోనన్నా ఏసుంటే నాలుగు ముద్దలు ఎక్కువ తినుందురు గదా సామీ." వాళ్ళు కొందరు నవ్వేవాళ్ళు, కొందరు తిట్టేవాళ్ళు, సోడా మాత్రం అందరూ తాగేవాళ్ళు. దేవుడు లేడని చెప్పే మా మామని ఆ దేవుడే పోషిస్తున్నాడని నాన్న అనేవాడు, మామకి వినపడనంత దూరంలో ఉన్నప్పుడు.

నాకు ఏడేళ్ళప్పుడు విషజ్వరం వచ్చింది. బతకనని అనుకున్నారట. మామ తిరువళ్ళూరు ఆసుపత్రి డాక్టర్ని వెంటబెట్టుకుని వచ్చి మందిప్పించాడు, అమ్మ తిరుత్తణి సుబ్రహ్మణ్యస్వామికి నా జుట్టు మొక్కుకుంది. నేను బతికాను. ఎవరి వల్ల బతికానన్నది ఆ తర్వాత మా ఇంట్లో ఎప్పటికీ తెగని తగాదా అయింది. జుట్టు మళ్ళీ ఒత్తుగా పెరిగాక, నా తొమ్మిదో ఏట, ఆడికృత్తిక పండక్కి అమ్మ ప్రయాణం కట్టింది. నేను పెద్దమనిషి కాకముందే ఇచ్చెయ్యాలని ఆమె తొందర, ఆ తర్వాత ఆడపిల్లకి గుండు చెయ్యరు మాలో. మామ నోరెత్తకుండా మాతో రైలెక్కాడు. అమ్మ దారి పొడుగునా మురిసిపోయింది, తమ్ముడికి ఇన్నాళ్ళకి బుద్ధొచ్చిందని.

తిరుత్తణిలో కొండ కింద పసుపు బట్టలు, కావళ్ళు, పంబ డప్పుల మోత, హరోహర కేకలు. మంగలివాళ్ళ పాకలో తడిసిన జుట్టు కుప్పలు, చందనం వాసన. మా వంతు వచ్చింది. మంగలి కత్తి నూరుతూ మామ వైపు పీట జరిపాడు. మామ కూర్చోలేదు.

"అక్కా, నేను ఒడి ఇయ్యను. బిడ్డ జుట్టు బిడ్డది. దాన్నే అడుగు" అన్నాడు.

అమ్మ మొహం నాకింకా కళ్ళకు కట్టినట్టుంది. "ఇంత దూరం వచ్చి ఇప్పుడు చెప్తావా నాయనా?" అంది మెల్లగా. మామ నా వైపు చూశాడు. ఆ చూపులో నేనొక పెద్ద మనిషిని. అంతకు ముందు నన్నెవరూ ఏమీ అడిగి ఎరగరు. "నాకు తగ్గింది డాక్టరు మందుతో. నేను ఇయ్యను" అన్నాను. పాకలో గుండ్లన్నీ మా వైపు తిరిగాయి. "అమ్మా, ఇచ్చేదుంటే ఇయ్యండి, ఎనక జనం కాచుకోనుండారు" అన్నాడు మంగలి. నాన్న తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ, "మొక్కింది నువ్వు, జుట్టు దానిది, ఒడి వాడిది. బండి తోలేది తప్ప నాదేముండాది" అని పక్కకి పోయి నిలబడ్డాడు. ఇంకెవరి ఒడిలోనైనా కూర్చోబెట్టమని పక్కవాళ్ళు చెప్పారు. అమ్మ ఒప్పుకోలేదు. ఉన్నది ఒక్క తమ్ముడు, అతని ఒడే కావాలి.

అమ్మ నన్ను తిట్టలేదు, కొట్టలేదు. కొప్పులో పూలు తీసి అక్కడే మెట్టు మీద పెట్టి, మొక్కు తీరేదాకా పూలు ముట్టనని చెప్పి లేచింది. మా వైపు ముత్తయిదువ పూలు లేకుండా వీధిలోకి వస్తే ఊరంతా ఆగి అడుగుతుంది. అమ్మ ఎవరికీ జవాబు చెప్పేది కాదు, నా వైపు చూసేది. నాన్న అలవాటు కొద్దీ శుక్రవారం మూరెడు మల్లెలు తెచ్చేవాడు, అవి గూట్లో వాడి, చివరికి ఆవు కొమ్ములకి చేరేవి. చుట్టుపక్కల పూలు పెట్టుకుని మేతకి పోయే ఆవు మాదొక్కటే. రోజూ పొద్దున అమ్మ నా జుట్టుకి నూనె రాసి, చిక్కు తీసి, రెండు జడలు అల్లేది. ఒక్క మాట మాట్లాడేది కాదు. ఆమె వేళ్ళు నా నెత్తిన తిరుగుతుంటే నాకు ఏడుపొచ్చేది, సరేనమ్మా పోదాం పద అనేద్దామనిపించేది. అప్పుడు మామని తలుచుకునేదాన్ని. ఎదురింటి పిల్లకి నాతో ఆడవద్దని వాళ్ళమ్మ చెప్పేసింది, సామికి జుట్టు ఎగ్గొట్టిన పిల్లతో ఆడితే తమకేమవుతుందోనని. ఆ పిల్ల ఒక్కతే నాకు స్నేహితురాలు. దాన్నీ ఓర్చుకున్నాను. మనం నిజం పక్కన ఉన్నాం అమ్మణ్ణీ, నిజం పక్కన ఎప్పుడూ జనం తక్కువ ఉంటారు అనేవాడు మామ.

సెలవులకి తిరువళ్ళూరు పోతే మామ నన్ను సోడాబుడ్ల చెక్కపెట్టె మీద నిలబెట్టేవాడు. అమావాస్య జనం గుమిగూడేవాళ్ళు. "సామి యాడుండాడు పాపా?" అని అడిగేవాడు. "యాడా లేడు" అనేదాన్ని. "మరి నీ జొరం ఎవురు పోగొట్టినారు?" "డాక్టరు." "జుట్టు ఇచ్చినావా?" "ఇయ్యలేదు." "కన్ను పోయిందా, కాలు పోయిందా?" నేను పెట్టె మీద ఒక గిరక తిరిగి కాళ్ళూ చేతులూ చూపించేదాన్ని. జనం నవ్వేవాళ్ళు, ఒకరిద్దరు ముసలమ్మలు లెంపలేసుకునేవాళ్ళు. మామ కళ్ళు మెరిసేవి. ఆ మెరుపు కోసం నేను అమ్మని కూడా కాదనుకున్నాను, ఉన్నమాట చెప్పాలంటే.

పన్నెండో ఏట మళ్ళీ జ్వరం వచ్చింది. మొదటిసారి కన్నా గట్టిగానే వచ్చింది. మామ డాక్టర్ని తెచ్చాడు, ఆయన వెళ్ళిపోయాక కూడా మంచం పట్టె పట్టుకుని కూర్చున్నాడు. ఒంటి మీద తెలివి వచ్చి పోతుండగా అమ్మా మామా వరండాలో గుసగుసలాడుకోవడం వినపడింది, మాటలు అర్థం కాలేదు. జ్వరం దిగింది. మామ సభకని మదరాసు పోతున్నానన్నాడు. అమ్మ ఆరణిలో ఎవరో చుట్టాలకి బాగాలేదని తెల్లవారకముందే బయలుదేరింది, నాన్న స్టేషనుకి బండి కట్టాడు. మర్నాడు, శుక్రవారం, అమ్మ కొప్పులో మల్లెలు. ఇల్లంతా ఆ వాసన. "ఏందమ్మా పూలు?" అన్నాను. "పెట్టుకోవాలనిపించింది" అంది, పొయ్యి వైపు తిరిగి.

నా సంబరం ఏమని చెప్పేది. అమ్మ మారింది. రెండోసారి కూడా మందుతోనే తగ్గిందని కళ్ళారా చూసి, మొక్కు లేదు ఏమీ లేదని తనంతట తానే తెలుసుకుంది. మామ పత్రికలన్నీ కలిసి చెయ్యలేని పని నా ఒంటి జ్వరం చేసింది. ఈ వార్త మామకి నేనే చెప్పాలి. డాక్టరుకి చూపించడానికి నాన్న తిరువళ్ళూరు తీసుకుపోయే రోజు దాకా నాకు కాలు నిలవలేదు. ఆ రోజు అమావాస్య. కొట్టు ముందు జనం. మామ తలకి తువ్వాలు చుట్టుకుని బుడ్లు అందిస్తున్నాడు. తువ్వాలేమిటంటే ఎండ అన్నాడు, కొట్టు నీడలో నిలబడి. నేను ఆగకుండా చెప్పేశాను, అమ్మ పూలు పెట్టుకుంది మామా, మనం గెలిచినాం అని. మామ నాకొక సోడా కొట్టి ఇచ్చాడు, నా మొహం చూడకుండా.

అప్పుడొకాయన వచ్చాడు. ఏదో పల్లె నుంచి వచ్చిన రైతులా ఉన్నాడు, గుండు మీద చందనం పసుపు ఇంకా పోలేదు. మామని చూసి పాత స్నేహితుడిలా నవ్వాడు. "ఏం సామీ, మరిచిపోయినారా? తిరుత్తణిలో నా పక్కపీట మీద కూర్చోని మొట్ట కొట్టించుకున్నారు గదా. మేనకోడలికి జొరమన్నారే, సరిపోయిందా? ఈ పాపేనా?"

మామ "ఆ" అన్నాడు. ఇంకేం చెయ్యలేక తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. నున్నటి గుండు, చెవి వెనక ఎండిన చందనం.

ఆయన సోడా తాగి వెళ్ళిపోయాడు. తర్వాత, పెట్టె మీద నిలబెట్టి మామ నన్నడిగే ప్రశ్నే అడిగాను. "సామి వుండాడా మామా?"

"లేడు."

"మరి?"

"నీ ఒళ్ళు కాలిపోతా వున్నింది. అక్క నా కాళ్ళు పట్టుకునింది. ఒడి ఇయ్యకపోతివి, నీ జుట్టన్నా ఇయ్యి, దానికి మన వూరి పూజారి సరేనన్నాడు అనింది. లేడని నాకు తెలుసు అమ్మణ్ణీ. ఆ మాట మీద నిన్ను పణం పెట్టేదానికి నాకు చాతకాలా."

"నాకు చెప్పొచ్చు గదా."

మామ ఖాళీ బుడ్డి తొట్లో ముంచి కడగడం మొదలుపెట్టాడు. కడిగిందే కడిగాడు. "నువ్వు నన్ను నమ్ముకోనుండావు గదా" అన్నాడు చివరికి.

చెప్పుకోవడానికి చిన్న సంగతి. ఒక మనిషి మేనకోడలి మీద ప్రేమ కొద్దీ తల గొరిగించుకున్నాడు. వినేవాళ్ళకి కళ్ళు చెమర్చవచ్చు కూడా. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. మామ దేవుణ్ణి నమ్మి ఉంటే నాకింత కోపం వచ్చేది కాదు. నమ్మకుండానే వెళ్ళి తల వంచాడు, వంచి వచ్చి నన్ను మాత్రం నిటారుగా నిలబెట్టి ఉంచాడు. నేను అమ్మ మౌనాన్ని మూడేళ్ళు మోసింది ఏ మాట కోసమో ఆ మాటని నా వెనకాల ఇద్దరూ కలిసి కొండ కింద వదిలేసి వచ్చారు. ఆరణి చుట్టాలు లేరు, మదరాసు సభ లేదు. స్టేషనుకి బండి తోలిన నాన్నకీ తెలుసు. తెలియనిదాన్ని నేనొక్కదాన్నే, మనం గెలిచినామని పరిగెత్తుకుంటూ వచ్చినదాన్ని.

మామ జుట్టు పెరిగింది. తువ్వాలు పోయింది. మళ్ళీ అమావాస్యలకి వాదాలు మొదలయ్యాయి, ఉప్పూ మిరియాల మాట మొదలయింది. నన్ను పెట్టె ఎక్కమన్నాడు. తలనొప్పి అన్నాను. ఇంకోసారి కడుపునొప్పి అన్నాను. తర్వాత మామ అడగడం మానేశాడు. ఆయన సంగతి నేనెవరికీ చెప్పలేదు. చుట్టుపక్కల ఊళ్ళలో మామకి భయపడని మనిషని పేరు వచ్చింది, ఆ పేరు ఆయన పోయేదాకా నిలిచింది. నాకు పెళ్ళయింది. అత్తగారింట్లో దీపం పెట్టమంటే పెట్టేదాన్ని, మానమంటే మానేసేదాన్ని. దండం పెట్టేటప్పుడు మామ గుర్తొచ్చి చేతులు కలిసేవి కావు, దేవుడు లేడనుకుందామంటే చెవి వెనక ఎండిన ఆ చందనం గుర్తొచ్చేది. మామ రెండింటినీ నాకు కాకుండా చేశాడు.

అమ్మ ముసలిదయ్యాక ఒకసారి, నా కూతురికి జడ వేస్తూ కూర్చుని ఉండగా, ఉండబట్టలేక ఆ మాట ఎత్తాను. అంతా ఒక నవ్వులాట సంగతిలా ఆమె మొహం వెలిగింది. "పిచ్చిదానా, ఇంకా మనసులో పెట్టుకోనుండావా? నా మొక్కు తీరిపాయె, నీ జుట్టు నీకు మిగిలె, వాడి పేరూ చెడకపాయె. ఎవురికేం నష్టమొచ్చినాదే?" అంది.

నేనప్పుడు నవ్వి ఊరుకున్నాను. నష్టం నాకు వచ్చిందని, అది ఇదీ అని విడమరిచి చెప్పగలిగే వయసుకి నేను చేరేసరికి, వినవలసిన ఇద్దరూ ఏనాడో వెళ్ళిపోయారు.